జ్యోతిరాణి ఇంటి ముందటి బాక్సు చెట్లు

ఇంటి ముందు కంచెగా పెంచుదామని మొదటిసారి తెచ్చిన బాక్సు చెట్లన్నిటినీ జ్యోతిరాణి నీళ్లు పోసి పోసి చంపింది. ఆమె పుట్టిల్లు వర్ని. నిజాంసాగర్ కాలువ కింద పుట్టి పెరిగిన మనిషికి మొక్క అంటే మడి, మడి అంటే నీళ్లు నిలవాలి. మొక్కల చుట్టూ చక్కగా మట్టికట్ట వేసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపు పెట్టి, నాటు వేసిన మర్నాటి పొలంలా మెరిసేదాకా నింపేది. ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. దప్పికేమో అనుకొని ఇంకా నీళ్లు పోసింది. చివరికి ఒకదాన్ని పట్టి లాగితే వేళ్లు నల్లగా, మెత్తగా, కుళ్లిన వాసనతో చేతికి ఊడి వచ్చాయి. ఆ రోజు ఆమె అన్నం తినకుండా కూర్చున్నదని భర్త పరమేశ్వర్ చాలాకాలం ఎగతాళి చేశాడు.

మామూలుగా అయితే చెట్టు పోయిందని అన్నం మానేసే మనిషి కాదు జ్యోతిరాణి. బోధన్ ఊరి చివర, చెరుకు తోటలు మొదలయ్యే చోట లేచిన కాలనీలో ఆమె జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల కాలంలో నిజామాబాద్ నుంచి కూడా బట్ట తెచ్చి ఇచ్చి పోతారు. పరమేశ్వర్ లారీ నడుపుతాడు. చెరుకు కొట్టే రోజుల్లో ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతూ ఇంట్లో కనిపించడం తక్కువ. పిల్లలు లేరు. లేరన్న బాధను ఆమె వాడకట్టులో ఎవరి ముందూ తీసి పరచలేదు. మిషను తొక్కుతుంది, తప్పు కుట్టు పడితే తనను తానే తిట్టుకుంటుంది, మళ్లీ విప్పి కుడుతుంది.

బాక్సు చెట్ల పిచ్చి ఆమెకు నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు దగ్గర పట్టింది. పెళ్లికూతురి జాకెట్లు ఇవ్వడానికి పోయింది. గేటు నుంచి మెట్ల దాకా రెండు వైపులా మోకాలెత్తు పచ్చటి గోడలు. దగ్గరికి పోయి చూస్తే గోడ కాదు, చెట్లు. చింతాకు కన్నా కాస్త పెద్ద ఆకులు, దళసరిగా, మెరుస్తూ, ఒకదాని మీద ఒకటి సందు లేకుండా ఉన్నాయి. అంచు మాత్రం కత్తెరతో కోసిన బట్టలా తిన్నగా ఉంది. ఆమె అక్కడే నిలబడిపోయింది. లోపల పెళ్లికూతురు జాకెట్ల కోసం ఎదురుచూస్తున్న సంగతి కూడా మరిచిపోయింది.

డిచ్‌పల్లి రోడ్డు మీద ఉన్న ఒక నర్సరీలో ఆ మొక్కలు దొరికాయి. నర్సరీ ఆయనది గోదావరి వైపు ఊరు. మొదటి చెట్లు చచ్చాక మళ్లీ అక్కడికే పోతే, ఆయన ఓపికగా కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇది చల్లటి దేశాల మొక్కండీ. మీ ఎండలకు మధ్యాహ్నం నీడ కావాలి. వేళ్లు పైపైనే ఉంటాయి, పలుగు పెట్టి కెలకొద్దు. నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది. మట్టి కాస్త ఎత్తు చేసి, ఇసుక కలిపి నాటండి."

"మా గల్లీల మేకలున్నయన్నా. మైదాకు కంచె పెడితే ఒక్క ఆకు మిగల్చలే," అంది జ్యోతిరాణి.

"ఆ భయం అక్కర్లేదు. దీన్ని పశువు ముట్టదు."

ఆమె సంతోషంగా తల ఊపింది. ఎందుకు ముట్టదని అడగలేదు. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను మెడ ఎంత, చెయ్యి ఎంత, లోపల గుడ్డ వెయ్యాలా వద్దా అని వంద ప్రశ్నలు అడిగే మనిషి, అడగవలసిన ఆ ఒక్క ప్రశ్న అడగకుండా మొక్కలు ఆటోలో పెట్టించుకొని వచ్చేసింది.

రెండోసారి నాటినవి బతికాయి. అరుగు ముందు మట్టి ఎత్తు చేసింది. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నానికి ఇంటి నీడ పడుతుంది. నీళ్ల పైపును కళ్లెం వేసినట్టు అదుపులో పెట్టుకుంది. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా తగిలితేనే పోసేది. వేళ్లకు ఎండ దెబ్బ తగలకుండా పైన ఏదైనా కప్పమని నర్సరీ ఆయన చెప్పాడు. ఆ కప్పే సరుకు నాగవ్వ ఇచ్చింది.

నాగవ్వది ఎదురిల్లు. బీడీలు చుడుతుంది. మొగుడు చచ్చిపోయి చాలా ఏళ్లయింది. వయసులో ఉన్నప్పుడు చెరుకు కొట్టడానికి పోయేది. ఇప్పుడు నడుము వంగక బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. ఆమె ఇల్లు రేకులది, పగలు లోపల కూర్చుంటే ఉడికిపోతుంది. అందుకని పొద్దెక్కగానే చాట పట్టుకొని జ్యోతిరాణి అరుగు మీదికి వచ్చేది. లోపల మిషను చప్పుడు, బయట నాగవ్వ కత్తెర చప్పుడు. మధ్యలో వాడకట్టు ముచ్చట్లు. బీడీ చుట్టే తునికాకును కొలతకు కత్తిరించాక మిగిలే ముక్కలన్నీ నాగవ్వ పారేయకుండా చెట్ల మొదట్లో పోసేది. అవి వేళ్లను చల్లగా ఉంచేవి. నిజం చెప్పాలంటే ఆ చెట్లను ఇద్దరూ కలిసి పెంచారు.

కత్తిరింపు మాత్రం జ్యోతిరాణి ఎవరికీ ఇచ్చేది కాదు. రెండు మేకులు పాతి దారం కట్టి, దారం వెంబడి కోసేది. కింద కొంచెం వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, లంగాకు కలీలు వేసినట్టు కోయాలి. అప్పుడే కింది ఆకుకు కూడా ఎండ తగులుతుంది. పైన వెడల్పు చేస్తే కింద కొమ్మలు బోసిపోతాయి. ఇదంతా ఆమె ఒక చెట్టును పాడు చేసుకొని నేర్చుకుంది. మూడేళ్లకు అరుగు ముందు మోకాలెత్తు పచ్చటి గోడ లేచింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. జ్యోతిరాణి కిటికీలోంచి వాళ్లను చూసేది, చూడనట్టు మిషను తొక్కేది.

నాగవ్వకు రెండు మేకలు. ఒకటి పాలది. రెండోది మేకపోతు, మెడలో పసుపు తాడు. ఆ పోతు ఎల్లమ్మది.

కిందటి వానాకాలం నాగవ్వ మనవరాలు వినీతకు జ్వరం పట్టుకుంది. అయిదేళ్ల పిల్ల. నాగవ్వ కూతురు నిజామాబాద్‌లో బట్టల దుకాణంలో పని చేస్తూ పిల్లను అవ్వ దగ్గరే ఉంచింది. రక్తంలో కణాలు పడిపోయాయని పిల్లను నిజామాబాద్ దవఖానలో వేశారు. అక్కడ గోడకు తల ఆనించి నాగవ్వ మొక్కింది, పిల్లను లేపి ఇస్తే పోతును ఇస్తానని. పిల్ల లేచింది. పోతును కొని మెడలో తాడు వేసింది. కానీ మొక్కు తీర్చడం వెనక్కి పడుతూ వచ్చింది. కూతురికి సెలవు దొరకలేదు, తర్వాత వాడకట్టులో ఒక చావు అడ్డం వచ్చింది, తర్వాత నాగవ్వ నడుము పట్టేసింది. చివరికి మాఘంలో ఒక మంగళవారం ఖాయం చేసింది. అప్పటి నుంచి పోతుకు పెళ్లికొడుకు మర్యాద. మంచి మేత, మంచి నీళ్లు, రోజూ ఒళ్లు తుడవడం.

"అమ్మ సొమ్ము బిడ్డా. బక్కగ తోలుకపోతే అమ్మ ముందట నా మొఖం ఏడ పెట్టుకోవాలె?" అనేది నాగవ్వ.

ఆ మంగళవారానికి ముందు వారమే జ్యోతిరాణి కుడి మణికట్టు వాచింది. పెళ్లిళ్ల జాకెట్లు కుప్పగా పడ్డాయి. చెట్లు చూస్తే కొత్త చిగుళ్లు వేసి, తల దువ్వుకోని పిల్లల్లా నిక్కబొడుచుకొని ఉన్నాయి. ఎడమ చేత్తో కత్తెర పట్టి నాలుగు కొమ్మలు కోసి, వంకర పోయిందని పళ్లు కొరుక్కుంటున్న ఆమెను నాగవ్వ అరుగు మీద నుంచి చూసింది. బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"ఇటియ్యి. చెరుకు కొట్టిన చెయ్యి నాది. గీ చెట్లు నాకో లెక్కనా?"

"దారం కట్టిన సూడవ్వా. దారం దాటి కొయ్యకు."

"దారం దాటితే ఏలు కోసుకుంట, పో. నువ్వు పోయి జాకెట్లు కుట్టుకో."

నాగవ్వ కొడవలి తెచ్చుకుంది. కూర్చొని జరుగుతూ, అరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసింది. జ్యోతిరాణి వచ్చి చూస్తే దారం దాటలేదు. తను కోసిన దానికన్నా బాగానే వచ్చింది. ఆ మాట పైకి అనడానికి కొంచెం మనసు రాలేదు గానీ, అంది.

ఇక కోసిన కొమ్మలు. చెరుకు తోటల్లో ఒక పద్ధతి ఉంది. గడ ఫ్యాక్టరీకి పోతుంది, గడ మీది పచ్చటి కొసలు కొట్టిన కూలీవి. రైతు ఎంత పిసినారి అయినా కొసల జోలికి రాడు. వాటిని మోపు కట్టుకొని కూలీ ఇంటికి తెచ్చుకుంటాడు, ఇంట్లో గొడ్డుకూ మేకకూ వేస్తాడు. నాగవ్వ ఆ పద్ధతిలో ముసలిదైంది. అందుకని పని అయిపోగానే ఎవరినీ అడగకుండా, అడగవలసిన అవసరం ఉందని కూడా అనుకోకుండా, కోసిన కొమ్మలన్నీ కుప్ప చేసి పాత చీర పేలికతో మోపు కట్టింది.

"మేకలు గవి ముట్టయంటనే అవ్వా," అంది జ్యోతిరాణి. వాకిలి ఊడ్చే పని తప్పిందన్న సంతోషంతో నవ్వుతూనే అంది.

"ఒట్టిగ ఏస్తే ముట్టయ్ బిడ్డా. సన్నగ నరికి చెరుకు కొసలల్ల కలిపి ఏస్తే గివన్నీ వాటికి ఎరుకనా? తీపికి తింటయ్."

మోపు నెత్తిన పెట్టుకొని నాగవ్వ ఎదురింటికి పోయింది. పాల మేక ఈనింది కొత్తగా, దానికి తవుడు పెట్టింది. పచ్చి మేత అంతా ఎల్లమ్మ పోతుకు వేసింది.

మర్నాడు పొద్దున జ్యోతిరాణి పళ్లు తోముకుంటుంటే ఎదురింటి నుంచి కేక వినిపించింది. మనిషి కేకలా లేదు. పేస్టు నోటితోనే పరుగెత్తింది. రేకుల షెడ్డు కింద పోతు పక్కకు పడి ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. నోటి నుంచి చొంగ తాడులా కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. దాని తల నాగవ్వ ఒళ్లో ఉంది.

"నిన్న రాత్రి మంచిగుండె. మంచిగ తినె. గిదేంది బిడ్డా గిది?"

జ్యోతిరాణి మేత పరిచిన చోటు చూసింది. నరికిన చెరుకు కొసలు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి మధ్య చిన్న చిన్న ఆకులు, దళసరిగా, మెరుస్తూ ఉన్నాయి. వంగి ఒక ఆకు తీసి చూసింది. కాదులే అనుకుంది. పశువు ముట్టదు అన్నాడు నర్సరీ ఆయన, తింటే ఏదో అవుతుందని అనలేదు కదా. ఇంటికి వచ్చి నోరు కడుక్కొని, నర్సరీ ఆయనకు ఫోన్ చేసింది.

"మేకకు పెట్టేశారా?" అన్నాడు ఆయన. "అమ్మా, అది విషమండీ. ఆకు, కొమ్మ, అన్నీ విషమే. అందుకే కదా పశువు ముట్టదు."

"నువ్వు గట్ల చెప్పలే గదన్నా."

"చేదుకు ఎలాగూ నోట పెట్టవు, చెప్పాల్సిన పనేముంది అనుకున్నానండీ. మేక బతికే ఉందా? అయితే ఆలస్యం చెయ్యకండి. ఏం తిందో పశువుల డాక్టరుకు చెప్పండి. ఏదన్నా చేస్తాడు."

ఫోన్ పెట్టేసి ఆమె కాసేపు వాకిట్లో నిలబడింది. ఎదురుగా తను పెంచిన గోడ కొత్తగా కోసిన అంచుతో నిగనిగలాడుతోంది. నిన్నటి దాకా కంటికి అంత చల్లగా ఉన్న చెట్టును ఇప్పుడు చూడబుద్ధి కాలేదు. మూడేళ్లు దాన్ని తడిమిన చేతులను చీరకు తుడుచుకుంది.

ఆమె ఎదురింటికి చేరేసరికి పశువుల డాక్టరు వచ్చి ఉన్నాడు. వాడకట్టు సగం అక్కడే ఉంది. పోతు పొట్ట తట్టి చూసి, ఏం మేత వేశావని ఆయన నాగవ్వను అడిగాడు. చెరుకు కొసలు అని చెప్పింది ఆమె. వాటిలో కలిపిన కొమ్మల మాట చెప్పలేదు. దాచి కాదు, ఆమెకు అది మాటగా చెప్పవలసిన సంగతి అనిపించలేదు. లేత కొసలు ఎక్కువ తిని కడుపు ఉబ్బిందని డాక్టరు సూది వేశాడు, నూనె తాగించాడు, చేతులు కడుక్కున్నాడు. ఇంకో ఊరికి పోవాలని బండి ఎక్కాడు.

జ్యోతిరాణి బండికి అడ్డంగా పోయింది. "డాక్టర్ సాబ్."

ఆయన చూశాడు. వాడకట్టు చూసింది. నాగవ్వ కూడా చూసింది, పోతు తల నిమురుతూ. ఎల్లమ్మ సొమ్ము మీదికి చావు తెచ్చింది ఎవరో అందరికీ ఇప్పుడే తెలిసిపోతుందని ఆమెకు భయం వేసింది. చెప్పాలనుకున్న మాట నాలుక మీద ఉంది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"బతుకుతదా?"

"సూద్దాం," అని ఆయన బండి తిప్పుకొని పోయాడు.

జ్యోతిరాణి మంచి మనిషే. దొంగతనం ఎరుగదు, ఎవరి బట్టలోనూ జానెడు గుడ్డ మిగుల్చుకోలేదు. అయినా నోరు మూసుకుంది. పొద్దు గుంకే వేళకు పోతు కాళ్లు కొట్టుకోవడం ఆగింది.

నాగవ్వ ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె ఏడవలేదు. లేచి, వాకిట్లో ఆడుకుంటున్న వినీతను చంకకు ఎత్తుకుంది. అంతే, ఇక దించలేదు. అయిదేళ్ల పిల్ల, బరువైన పిల్ల. పట్టేసిన నడుముతో ఆ పిల్లను మోస్తూనే నీళ్లు తోడింది, మోస్తూనే పొయ్యి ముట్టించింది. బీడీల చాట ముట్టలేదు. మర్నాడు జ్యోతిరాణి పలకరించడానికి పోతే గొంతు తగ్గించి చెప్పింది.

"ఆలిస్యం చేసిన బిడ్డా. అమ్మకు కోపమొచ్చింది. నా పోతు నాకొద్దని తిప్పికొట్టింది. మేకను వద్దన్నదంటే ఇంకేం అడుగుతదో ఎరుకనా?"

జ్యోతిరాణికి ఎరుకే. వినీత అవ్వ భుజం మీద తల పెట్టి, కాళ్లు నొప్పి పుడుతున్నాయి దించమని గొణుగుతోంది. నాగవ్వ చెయ్యి ఇంకా బిగించింది. చెప్పెయ్యాలి అనుకుంది జ్యోతిరాణి. అవ్వా, అమ్మకు కోపం లేదు, అది నా చెట్టు. నాలుగు మాటలు. వాటిని మనసులో వరసగా పేర్చుకుంది. చివరికి, "అన్నం తిన్నవా అవ్వా?" అని అడిగి ఇంటికి వచ్చింది. వచ్చి తలుపు వేసుకొని, చెంపలు వాయించుకొని ఏడ్చింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం నాగవ్వే వచ్చింది. చంకలో వినీత ఉంది. ముఖం రెండు రోజుల్లో పీక్కుపోయింది.

"ఎల్లమ్మ గుడి కాడికి పోయొస్త. అమ్మ పలికే ఆమె ఉన్నది, అడిగొస్త. పిల్లను గాడికి తీస్కపోను, భయమైతుంది. ఇంకెవ్వల దగ్గర ఇడిచినా నా పాణం నిలువదు. నీ దగ్గరైతే ఫికర్ లేదు."

ఆ చివరి మాట విని జ్యోతిరాణి తల పైకి ఎత్తలేకపోయింది. వినీత చెయ్యి అందుకుంది. నాగవ్వ వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూసుకుంటూనే పోయింది.

పిల్లకు బిస్కెట్ ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, జ్యోతిరాణి లోపల మిషను ముందు కూర్చుంది. రెండు రోజులు చంకలో ఇరుక్కున్న పిల్ల, కాళ్లు నేల మీద ఆనగానే ఊరుకుంటుందా. జ్యోతిరాణి చేతిలోని జాకెట్‌కు గుండీ పట్టీ వేస్తూ, నాగవ్వ తిరిగి రాగానే చెప్పేస్తానని, ఈసారి తప్పకుండా చెప్పేస్తానని తనకు తాను నచ్చజెప్పుకుంటోంది. ఎంతసేపు అలా ఉందో. కిటికీ అవతల నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, బువ్వ తిందాం రా. కూరొండిన."

తల ఎత్తింది. వినీత చెట్ల మొదట్లో కూర్చొని ఉంది. సీసా మూతల్లో మట్టి అన్నం. దాని మీద కూర. తునికాకు ముక్కల మధ్య మొన్న రాలిన చిన్న చిన్న పచ్చటి ఆకులు ఏరి, చిదిమి, కూర చేసింది. వేళ్లతో ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది.

జ్యోతిరాణి ఎలా బయటికి వచ్చిందో ఆమెకే తెలియదు. మిషను ముందు బల్ల పడిపోయింది, కాలికి తగిలి గోరు లేచిపోయింది. పిల్లను వెనక నుంచి పట్టి వంచి, నోట్లో వేలు పెట్టి తిప్పింది. ఆకు ముక్కలు, మట్టి, చొంగ బయటికి వచ్చాయి. పిల్ల గిలగిలలాడి ఏడ్చింది. "ఉమ్మెయ్, ఉమ్మెయ్ బిడ్డా," అంటూ పైపు తిప్పి నోరు కడిగింది, మళ్లీ వేలు పెట్టింది, మళ్లీ కడిగింది. ఆ పోతు కళ్లు, తెరిచే ఉండి ఎవరినీ చూడని ఆ కళ్లు, ఈ పిల్ల ముఖం మీద కనిపించాయి.

"ఏమైంది?"

గేటు దగ్గర నాగవ్వ. చేతిలో గుడి కుంకుమ పొట్లం.

"ఇషమవ్వా," అంది జ్యోతిరాణి. పేర్చుకున్న మాటలేవీ రాలేదు. "గా ఆకు ఇషం. పిల్ల నోట్లె పెట్టుకున్నది. గది తినే పోతు సచ్చింది."

నాగవ్వ పొట్లం ఎక్కడ పడేసిందో చూసుకోలేదు. పిల్లను లాక్కొని వీధిలోకి పరుగెత్తింది. నడుము పట్టేసిన ఆ మనిషి అలా పరుగెత్తడం వాడకట్టు ఎన్నడూ చూడలేదు. జ్యోతిరాణి వెనకాలే పోయి ఆటోను ఆపింది.

దవఖానలో డాక్టరమ్మ పిల్ల నోరు చూసింది, కళ్లు చూసింది, గుండె చూసింది. ఎంత మింగావని అడిగితే వినీత మొహం వికారంగా పెట్టి, "మింగలే. చేదు," అంది. డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. భయం లేదని, అయినా రాత్రి దాకా ఇక్కడే కూర్చోండి, వాంతి గిట్ల అయితే పిలవండని చెప్పి పోయింది.

వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల నాగవ్వ ఒళ్లో ఉంది. జ్యోతిరాణి తిట్ల కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండును అనుకుంది. తిట్టడంలో నాగవ్వకు వాడకట్టులో సాటి లేరు. నాగవ్వ మాత్రం గోడ వైపు చూస్తూ, చాలా మెల్లగా అడిగింది.

"అయితే అమ్మకు కోపం లేదా?"

జ్యోతిరాణికి ఆ ప్రశ్న అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఈ రెండు రోజులూ ఈ ముసలామె మోసింది పిల్లను కాదు, పిల్లను అమ్మ అడుగుతుందన్న భయాన్ని.

"లేదవ్వా. అమ్మకేం కోపం లేదు. పోతు ఆకు తిని సచ్చింది. అంతే."

నాగవ్వ కళ్లు మూసుకుంది. రెండు చెంపల మీద నీళ్లు జారాయి. వినీతను ఒళ్లోంచి దించింది. పిల్ల ఒకసారి అవ్వను చూసి, వరండాలో ఆ చివరకు పరుగెత్తింది, ఈ చివరకు పరుగెత్తి వచ్చింది. నాగవ్వ పట్టుకోబోలేదు. వెనక్కి వాలి, ఒళ్లంతా వదులు చేసి, పెద్దగా ఒక నిట్టూర్పు విడిచింది. జ్యోతిరాణి గుండె మీది బండ కూడా అప్పుడే కదిలింది. అయిపోయింది అనుకుంది. తెలియక జరిగిందని అవ్వకు అర్థమైంది అనుకుంది. చెయ్యి చాపి నాగవ్వ చెయ్యి పట్టుకోబోయింది.

"నీకు ఎప్పుడు ఎరుకైంది?" అంది నాగవ్వ, కళ్లు మూసుకునే.

జ్యోతిరాణి చెయ్యి అక్కడే ఆగింది. అబద్ధం చెప్పవచ్చు. ఇవాళే నర్సరీకి ఫోన్ చేశానని చెప్పవచ్చు. ఎవరు పోయి అడుగుతారు?

"డాక్టర్ వచ్చిననాడే," అంది. "డాక్టర్ బండి ఎక్కకముందే."

నాగవ్వ కళ్లు తెరిచింది. కోపం లేదు ఆ చూపులో. కొత్త మనిషిని చూసినట్టు చూసింది, అంతే.

"చెట్టు సంగతి నాకూ తెల్వది, నీకూ తెల్వది. కోసింది నేను, ఏసింది నేను. దానికి నిన్ను ఒక్క మాట అనను. రెండు దినాలు నేను గీ పిల్లను మోసుకుంట తిరిగిన గదా. నువ్వు మా ఇంటికొచ్చి నన్ను సూసినవ్ గదా. అన్నం తిన్నవా అని అడిగినవ్ గదా."

పిల్ల బాగానే ఉందని డాక్టరమ్మ రాత్రి పంపించింది. ఆటో కాలనీలో ఆగాక నాగవ్వ వినీత చెయ్యి పట్టుకొని నడిపించుకుంటూ ఇంట్లోకి పోయింది.

మర్నాడు పరమేశ్వర్ లారీ దిగి వచ్చాడు. సంగతంతా విని, పలుగు తీసుకొని చెట్లన్నిటినీ పెకిలించాడు. జ్యోతిరాణి కూడా పక్కన కూర్చొని ఒక్క ఆకు మిగలకుండా ఏరింది. పెద్ద గుంత తీసి పూడ్చారు. వాడకట్టు అంతా నిలబడి చూసింది. నాగవ్వ తన వాకిట్లో బీడీలు చుడుతూ చూసింది. మూడేళ్ల చెట్లను మట్టిలో పెడుతుంటే జ్యోతిరాణికి వాటి మీద ఏ బాధా కలగలేదు. ఇది చూస్తే అవ్వ మనసు కరుగుతుందన్న ఆశ ఒక్కటే ఉంది.

నాగవ్వ తమ్ముడు సంగతి తెలిసి ఒక పొట్టేలును తోలుకొచ్చాడు. మంగళవారం మొక్కు తీరింది. పిల్లను ముందు నడిపించుకుంటూ, డప్పులతో పోయి వచ్చారు. జ్యోతిరాణి గేటు దగ్గర నిలబడి దండం పెట్టింది. నాగవ్వ ఆమెను చూసి తల ఊపింది. మాట కూడా కలిపింది, ఎండ ఎక్కువైందని. జ్యోతిరాణికి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మొక్కు మాంసం ఒక్క ఇంట్లో వండుకునేది కాదు. వాడకట్టులో ప్రతి ఇంటికీ వాటా పోవాలి, తగాదా ఉన్న ఇంటికి కూడా. జ్యోతిరాణి అల్లం, వెల్లుల్లి నూరి పెట్టింది. వాచిన మణికట్టుతోనే నూరింది. గిన్నె కడిగి, చేతిలో పట్టుకొని గేటు దగ్గరికి వచ్చింది. వినీత స్టీలు డబ్బా పట్టుకొని, అవ్వ వెనకాల రాగా, ఇల్లిల్లూ తిరుగుతోంది. పక్కింట్లో ఇచ్చింది. బయటికి వచ్చి, నవ్వుతూ, జ్యోతిరాణి గేటు వైపు పరుగెత్తుకొచ్చింది. జ్యోతిరాణి గిన్నె ముందుకు చాపింది.

"గా ఇంటికి కాదు బిడ్డా," అంది నాగవ్వ వెనక నుంచి, మామూలు గొంతుతో.

పిల్ల ఆగి, ఒకసారి గిన్నెను చూసి, డబ్బాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని తర్వాతి ఇంటికి పోయింది.